లూయీ బ్రెన్నన్

బొంగరము తిరుగుచున్నంతసేపు మొనపై నిలుచును. తిరుగుట మానినతోడనే పడిపోవును. ఈ వింతను చూడని బాలురుండరు. మనుష్యులను మోయు బండిని సైతము ఆ శక్తితోనే నిలుపవచ్చునని తలచి, తలచినదానిని చేసి చూపినవాడు లూయీ బ్రెన్నన్.

బ్రెన్నన్ 1852వ సంవత్సరమున ఐర్లండులోని కాసిల్‌బార్ పట్టణమున జన్మించెను. తొమ్మిదేండ్ల ప్రాయమున తలిదండ్రులతో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరము చేరి, అచ్చట గడియారముల పని నేర్చెను. తరువాత, ఒడ్డుననుండి నడపదగిన టార్పెడోను కనిపెట్టెను. బ్రిటిషు ప్రభుత్వము దాని హక్కులకై లక్ష పౌనులకు మించి చెల్లించెను. ఆ ధనముతో ఆతడు సుఖముగ కాలము గడపవచ్చును. కాని ఆతని మనస్సు ఒంటి పట్టాపై నడచు రైలుబండిపై నిలిచెను. కొండప్రాంతములలో రెండు పట్టాల దారి వేయుట కష్టము. ఒక్క పట్టా చాలినచో వ్యయమును శ్రమయు తగ్గునని ఆతని ఆశ.

1903లో ఆతడు ఈ బండికి పేటెంటు పొందెను. 1907లో లండనులోని రాయల్ సొసైటీవారి ఎదుట చిన్న నమూనాను నడిపి చూపెను. నాటి భారతదేశపు వాయవ్య సరిహద్దు కొండలలో ఇట్టి బండి ఉపకరించునను తలంపుతో లండనులోని ఇండియా ఆఫీసును, కాశ్మీర దర్బారును ధనసహాయము చేసినవి.

బండిలో రెండు బరువైన చక్రములు, గాలి తీసివేసిన పెట్టెలలో, ఒకదానికొకటి ఎదురు దిశల అతివేగముగ తిరుగుచుండెడివి. బండి ఒరుగబోయినతోడనే ఒక యంత్రము ఆ చక్రముల ఇరుసులను మరలించెడిది. అందువలన పుట్టిన బలము బండిని మరల నిలువుగ లేపెడిది. 1909 నవంబరు 10వ తేదీన ఇంగ్లండులోని గిల్లింగ్‌హామ్‌లో 22 టన్నుల బండి 40 మందిని ఎక్కించుకొని కదలెను. ప్రయాణికులు ఒక ప్రక్కకు చేరినపుడు బండి అటు ఒరుగలేదు. బరువు పడిన ప్రక్కయే పైకి లేచెను!

అయినను, చక్రములు ఆగిపోయినచో ఏమగునను భయము జనులను వీడలేదు. ప్రతి పెట్టెకును వేరువేరుగ ఇట్టి చక్రములు కావలసియుండుట మరియొక అడ్డంకియయ్యెను. ఆతని పద్ధతి ఒంటి పట్టా దారి ప్రజల రాకపోకలకై ఎచ్చటను వేయబడలేదు. బ్రెన్నన్ క్రుంగిపోక హెలికాప్టరు నిర్మాణమునకు పూనుకొనెను. 1926లో ప్రభుత్వము దానిని కూడ ఆపివేసెను. 1932లో ఆతడు మోటారు ప్రమాదమున తగిలిన గాయములతో స్విట్జర్లండులో మరణించెను. లండనులోని ఆతని సమాధిపై 2014 వరకు పేరు చెక్కిన రాయియైనను లేకుండెను.

నేడు విద్యార్థులు నిర్మించు రెండు చక్రముల రోబో వేరొక విధమున నిలుచును. అది తన ఒరుగుటను కొలిచి, ఒరిగిన వైపునకే చక్రములను పరుగెత్తించును. మార్గములు వేరైనను నీతి యొక్కటే: పడబోవుటను గ్రహించి, పడకమునుపే సరిదిద్దుకొనవలెను.