పెద్దపాడు పిల్లోడు ముఖ్యమంత్రి అయిన కథ



ఈ నెల గోడపత్రికలో గొప్పవారి జీవితం రాసే వంతు నాకు వచ్చింది. పోయినసారి అల్లూరి సీతారామరాజు గారిని రాసినారు, అంతకు ముందు కొమరం భీం గారిని రాసినారు. నేను దామోదరం సంజీవయ్య గారిని రాస్తున్నాను. ఆయన తుపాకి పట్టలేదు, అడవిలో యుద్ధం చేయలేదు. ఎన్నికల్లో నిలబడి గెలిచి అసెంబ్లీకి పోయినారు. అంతే కదా, అందులో ఏముంది అనుకోకుండా కడదాకా చదవండి.

ఆయన్నే ఎందుకు రాస్తున్నానో ముందు చెప్తాను. మన హాస్టల్లో మెస్ కమిటీకి ఎన్నిక పెడతామని చెప్పినారు కదా. ఐదుగురిని ఎన్నుకోవాలి. అందులో ఒక చోటు చెంచు పిల్లలకని పెట్టినారు. మన హాస్టల్లో మేము పదకొండు మందిమే ఉన్నాము, అందుకని. మేడం నా పేరు రాసుకున్నారు. ఆ రాత్రి ప్లేట్లు కడిగే కాడ ఒకరు, నాది గెలిచే సీటు కాదు ఇచ్చే సీటు అన్నారు. ఎవరన్నారో రాయను. ఆమె నా పెట్టె పక్కనే పెట్టె పెట్టుకునే అమ్మాయి. తెల్లారి నాకు జడ కూడా వేసింది. కాని ఆ మాట కాల్లో ఇరిగిన ముల్లు మాదిరి నాలో ఉండిపోయింది. పేరు తీసేయమని మేడంతో చెప్దామనుకున్నాను.

అప్పుడే సోషల్ సారు, రాయాలంటే మన కర్నూలు జిల్లా మనిషిని రాయమని సంజీవయ్య గారి పేరు చెప్పినారు. లైబ్రరీ బీరువాలోని పుస్తకం కూడా తీసిచ్చినారు. దాంట్లో చదివినవి, సారు విడమరిచి చెప్పినవి కలిపి రాస్తున్నాను.

సంజీవయ్య గారు 1921 ఫిబ్రవరి 14న కర్నూలు దగ్గర పెద్దపాడు గ్రామంలో ఒక దళిత కుటుంబంలో జన్మించారు. తండ్రి మునయ్య, తల్లి సుంకులమ్మ. ఆయన పుట్టిన కొద్ది రోజులకే తండ్రి చనిపోయినాడు. వాళ్లకు సొంత భూమి లేదు. కూలి చేస్తేనే కూడు. కొన్నాళ్లు మేనమామ ఇంట్లో పెరిగినారు, పశువులు కాసినారు. తర్వాత ఆయన అన్న ఆయన్ను బడిలో వేసినాడు. ఆ కాలంలో దళితుల పిల్లలు బడికి పోవడం అంటే ఎంత కష్టమో సారు చెప్తుంటే మా క్లాసంతా మాట్లాడకుండా విన్నాము.

కర్నూలులో హైస్కూలు చదివి, అనంతపురం దత్తమండల కళాశాలలో చేరి 1942లో బి.ఏ. పాసయినారు. వెంటనే పెద్ద ఉద్యోగం ఏమీ రాలేదు. చిన్న చిన్న ఉద్యోగాలు చేసినారు. తర్వాత మద్రాసు పోయి లా చదివినారు. చదువుకుంటానే ఒక హైస్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పి ఖర్చులకు సంపాదించుకున్నారు. 1948లో లా పాసయినారు. లెక్కలంటే భయపడే మన క్లాసువాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

ఇంక ఎన్నికల సంగతికి వస్తాను. 1950లో మన రాజ్యాంగం అమలుకు వచ్చింది. అప్పటికి ఇంకా ఎన్నికలు జరగలేదు కాబట్టి తాత్కాలిక పార్లమెంటు ఉండేది. అందులో సంజీవయ్య గారు సభ్యుడయినారు. తర్వాత మొదటి సాధారణ ఎన్నికలు వచ్చినాయి. 21 ఏళ్లు నిండిన ఆడ, మగ అందరికీ ఓటు వచ్చింది. భూమి ఉన్నోళ్లకే, చదువుకున్నోళ్లకే ఓటు అనే పాత పద్ధతి పోయింది. పెద్దపాడు కూలోళ్లకు కూడా ఓటు వచ్చిందన్న మాట.

అప్పుడు మన జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1952లో సంజీవయ్య గారు ఎమ్మిగనూరు రిజర్వుడు స్థానంలో కాంగ్రెసు తరఫున గెలిచి మద్రాసు అసెంబ్లీకి పోయినారు. రాజాజీ గారు ముఖ్యమంత్రి అయి ఆయన్ను మంత్రిగా తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 31 సంవత్సరాలే.

ఇక్కడ నేను ఆగిపోయినాను. రిజర్వుడు అని చదవంగానే నాకు ప్లేట్ల కాడి మాట గుర్తుకొచ్చింది. ఆయనది కూడా ఇచ్చిన సీటేనా అని సారును అడిగినాను. సారు బోర్డు మీద గీసి చెప్పినారు. రిజర్వుడు సీటులో నిలబడేది ఎస్సీలు మాత్రమే. కాని ఓటేసేది ఆ నియోజకవర్గంలోని అన్ని కులాల వాళ్లు. రెడ్లు, బోయలు, కురువలు, ముస్లిములు అందరి దగ్గరికీ పోయి ఓటు అడగాల్సిందే. పక్కన నిలబడిన ఇంకొక ఎస్సీ మనిషి మీద గెలవాల్సిందే. రిజర్వు చేసేది కుర్చీని, ఓట్లను కాదు. నేను ఈ మాటను నోట్సులో రాసుకొని కింద రెండు గీతలు కొట్టుకున్నాను.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. రాజధాని మన కర్నూలే. ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రి. సంజీవయ్య గారు ఆ మంత్రివర్గంలో కూడా ఉన్నారు. మద్యనిషేధం గొడవ మీద 1954 నవంబరులో ఆ ప్రభుత్వం పడిపోయింది. 1955లో మళ్లీ ఎన్నికలు వచ్చినాయి. సంజీవయ్య గారు ఎమ్మిగనూరులో మళ్లీ గెలిచినారు. ఇది రెండో గెలుపు.

1956 నవంబరు 1న తెలంగాణ కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. రాజధాని హైదరాబాదుకు పోయింది. ఇక్కడ ఒక వింత ఉంది. 1957లో దేశమంతా ఎన్నికలు జరిగితే, అసెంబ్లీకి తెలంగాణలోనే ఓట్లు వేసినారు. మన వైపు 1955లో గెలిచిన వాళ్లే 1962 దాకా ఎమ్మెల్యేలుగా కొనసాగినారు. క్విజ్ పోటీలో ఈ ప్రశ్న వస్తే మన హాస్టలే గెలవాలి.

నీలం సంజీవరెడ్డి గారు మొదటి ముఖ్యమంత్రి. ఆయన కాంగ్రెసు పార్టీకి జాతీయ అధ్యక్షుడిగా పోవాల్సి వచ్చి ముఖ్యమంత్రి పదవి వదిలినారు. అప్పుడు పార్టీలో వర్గాలు ఎక్కువ. ఒకరంటే ఒకరికి పడదు. చివరికి 1960 జనవరి 11న సంజీవయ్య గారు ముఖ్యమంత్రి అయినారు. అప్పటికి ఆయనకు 39 ఏళ్లు కూడా నిండలేదు. మన దేశంలో ఏ రాష్ట్రంలోనయినా ఒక దళితుడు ముఖ్యమంత్రి కావడం అదే మొదటిసారి. ఎమ్మెల్యే సీటుకు రిజర్వేషను ఉంది గాని ముఖ్యమంత్రి కుర్చీకి లేదు. మీరు కూడా దీన్ని నోట్సులో రాసుకోండి.

ఆయన ముఖ్యమంత్రిగా ఉన్నది రెండేళ్ల రెండు నెలలే. ఆ కాలంలో ఏం చేసినారో చెప్తాను.

మొదటిది, ముసలివాళ్ల పింఛను. దిక్కులేని పేద ముసలివాళ్లకు ప్రభుత్వమే నెల నెలా కొంత డబ్బు ఇవ్వాలని 1960లో మన రాష్ట్రంలో మొదలుపెట్టినారు. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాను. మా అవ్వకు పింఛను వస్తుంది. మా పెంట నల్లమలలో లోపలికి ఉంటుంది. ఒకటో తారీఖు వస్తే మా అవ్వ తెల్లవారుజామునే లేసి చేతులు సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కుంటుంది. ఎందుకంటే చిన్నప్పటి నుంచి గడ్డలు తవ్వి, జిగురు తీసి ఆమె వేలి గీతలు అరిగిపోయినాయి. మిషన్ మీద వేలు పెడితే పడదు. ఒకసారి పెట్టి, తుడిచి, మళ్లీ పెట్టి, ఇంకో వేలు పెట్టి, అట్లా పడేదాకా పెడుతుంది. పడినప్పుడు ఆమె ముఖం చూడాలి. ఆ డబ్బులోనే నాకు సబ్బులు, కొబ్బరినూనె, రిబ్బన్లు కొని సెలవుల్లో చేతికిస్తుంది. నేను ఈ హాస్టల్లో ఉండి చదువుతున్నానంటే అందులో సంజీవయ్య గారి చేయి కూడా ఉంది. మా అవ్వకు ఆయన పేరు తెలియదు. ఈసారి పోయినప్పుడు చెప్తాను.

రెండోది, భూమి. బంజరు భూములు భూమిలేని పేదలకు పంచినారు. మొత్తం ఆరు లక్షల ఎకరాల దాకా పంచినారని చెప్తారు. సొంత భూమి లేని ఇంట్లో పుట్టిన మనిషికి ఆ పని ఎందుకు ముఖ్యమో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

మూడోది, లంచాలు తీసుకునే ఉద్యోగులను పట్టుకోవడానికి అవినీతి నిరోధక శాఖ అని 1961 జనవరి 2న పెట్టినారు. ఇప్పటికీ పేపర్లో ఏసీబీ వలలో ఫలానా ఉద్యోగి అని వస్తుంది కదా, అదే ఇది.

కొడుకు ముఖ్యమంత్రి అయినా తల్లి సుంకులమ్మ మాత్రం పెద్దపాడులోనే ఉండి, కట్టెల పొయ్యి మీద మట్టికుండలో వండుకునేదని చెప్తారు. పొగకు కళ్లు తుడుచుకుంటా వంట చేసే మా అమ్మే నాకు కనిపించింది.

1962లో మళ్లీ ఎన్నికలు వచ్చినాయి. అసెంబ్లీలో 300 సీట్లు. కాంగ్రెసుకు 177 వచ్చినాయి. సంజీవయ్య గారు ఈసారి కోడుమూరు రిజర్వుడు స్థానంలో గెలిచినారు. ఇది మూడో గెలుపు. ఆయన ముఖ్యమంత్రిగా ఉండంగా పార్టీ గెలిచింది, ఆయనా గెలిచినారు. ఇంక ఆయనే ముఖ్యమంత్రి అని నేను అనుకున్నాను. పేజీ తిప్పితే అట్లా లేదు. 1962 మార్చి 12న నీలం సంజీవరెడ్డి గారు మళ్లీ ముఖ్యమంత్రి అయినారు. సంజీవయ్య గారు దిగిపోయినారు.

నాకు చాలా కోపం వచ్చింది. గెలిచినోడు ఎందుకు దిగాలని సారును అడిగినాను. ఎమ్మెల్యేను జనం ఎన్నుకుంటారు, ముఖ్యమంత్రిని పార్టీలో ఎమ్మెల్యేలు, పెద్దలు ఎన్నుకుంటారు, అక్కడ బలం ఎవరికుంటే వాళ్లదే అని సారు చెప్పినారు. నాకు అర్థమయింది గాని నచ్చలేదు. నచ్చలేదని ఇక్కడ రాయొచ్చా అని అడిగితే రాసుకో అన్నారు. అందుకే రాసినాను.

దిగినాయన ఊరకే కూర్చోలేదు. అదే 1962 జూన్‌లో కాంగ్రెసు పార్టీకి జాతీయ అధ్యక్షుడయినారు. నెహ్రూ గారు ప్రధానమంత్రిగా ఉన్న రోజులవి. ఒక దళితుడు ఆ పార్టీ అధ్యక్షుడు కావడం కూడా అదే మొదటిసారి. ఆ కుర్చీకి కూడా రిజర్వేషను లేదు. 1964లో లాల్ బహదూర్ శాస్త్రి గారు ప్రధాని అయినప్పుడు ఈయన కేంద్రంలో కార్మిక మంత్రి అయినారు. రాజ్యసభకు ఎన్నికయినారు. రాజ్యసభకు మనం ఓటేయము, ఎమ్మెల్యేలు వేస్తారు. ఆయన కార్మిక మంత్రిగా ఉన్నప్పుడే 1965లో బోనస్ చట్టం వచ్చింది. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు ఏటా బోనస్ ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. తర్వాత ఇందిరాగాంధీ గారి ప్రభుత్వంలో కూడా మంత్రిగా చేసినారు.

1971లో రెండోసారి కాంగ్రెసు అధ్యక్షుడయినారు. ఆ పదవిలో ఉండంగానే 1972 మే 7న ఢిల్లీలో చనిపోయినారు. వయసు 51 సంవత్సరాలే. ఇన్ని పదవులు చేసినా ఆస్తులు కూడబెట్టుకోలేదని అందరూ చెప్తారు.

హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన సంజీవయ్య పార్కు ఆయన పేరే. మన కర్నూలు జిల్లాలో హంద్రీ నది మీద ఉన్న గాజులదిన్నె ప్రాజెక్టుకు సంజీవయ్య సాగర్ అని పేరు. నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో కరెంటు తయారుచేసే కేంద్రానికి, విశాఖపట్నంలో న్యాయ విశ్వవిద్యాలయానికి కూడా ఆయన పేరే పెట్టినారు. ఆ విశ్వవిద్యాలయంలో లా చదవాలని నాకు కొత్తగా ఆశ పుట్టింది. ముందు పది పాసవ్వాలి, అది కూడా తెలుసు.

ఇదంతా చదివినాక నేను మేడం దగ్గరికి పోయి నా పేరు తీసేయమని చెప్పలేదు. ఉండనీయమని చెప్పినాను. ఆ చోటుకు నాతో పాటు ఎనిమిదో తరగతి చెంచు చెల్లెలు కూడా నిలబడింది. కాబట్టి మా ఇద్దరిలో ఒకరే గెలుస్తారు. ఆ కుర్చీ చెంచు పిల్లలకని పెట్టినారు గాని ఓట్లు మాత్రం మీ అందరివీ. సుగాలి అక్కలు, ఎరుకల చెల్లెళ్లు, మా పదకొండు మంది, అందరూ వేయాలి. నేను గెలిస్తే బియ్యంలో రాళ్లు ఏరే వంతు అన్ని గదులకూ సమానంగా వేయమని అడుగుతాను. జ్వరం వచ్చినోళ్లకు గంజి వేరుగా పెట్టమని అడుగుతాను. ఓడిపోతే గెలిచిన చెల్లెలితో ఆ రెండూ అడిగిస్తాను.

ప్లేట్ల కాడ మాటన్న అమ్మాయి కూడా ఇది చదువుతుంది. నాకు ఓటేయడం, వేయకపోవడం ఆమె ఇష్టం. జడ మాత్రం రోజూ వేయాల్సిందే.

తప్పులుంటే మన్నించి, పెన్సిలుతో దిద్దండి.

ఇట్లు,
మీ 9వ తరగతి చెంచు విద్యార్థిని