మలేరియా కేసులను ఎలా లెక్కించాలి? బేగంపేట డాక్టర్ రొనాల్డ్ రాస్ చూపిన దారి

ఒక ఉదాహరణ చూద్దాం. మడకశిర లాంటి పట్టణంలో 40 వేల జనాభా ఉంది, ఏడాదిలో 20 మందికి మలేరియా వచ్చింది. పక్కనే 5 వేల జనాభా ఉన్న పల్లెలో 10 మందికి వచ్చింది. దోమల మందు కొట్టే సిబ్బంది ముందు ఎక్కడికి వెళ్లాలి? పట్టణానికే అనిపిస్తుంది. కానీ ముందు వెళ్లాల్సింది పల్లెకు. ఎందుకో తెలియాలంటే మలేరియా గుట్టు విప్పిన డాక్టర్ రొనాల్డ్ రాస్ గురించి తెలుసుకోవాలి.

ఎవరీ రాస్?

1857 మే 13న హిమాలయాల దగ్గరి అల్మోరాలో పుట్టారు. తండ్రి సైన్యాధికారి. రాస్‌కు రచయిత కావాలని ఉండేది, తండ్రి మాత్రం వైద్యం చదివించారు. 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరారు. 1883లో మనకు దగ్గర్లోని బెంగళూరులోనే పనిచేశారు. బంగ్లా దగ్గర తొట్టిలో నిల్వ ఉన్న నీటిలో దోమలు పుడుతున్నాయని, ఆ నీళ్లు పారబోస్తే తగ్గుతాయని అక్కడే గమనించారు. 1895లో కలరా ప్రబలినప్పుడు మళ్లీ బెంగళూరు వచ్చారు.

దోమలకూ మలేరియాకూ సంబంధం ఉండొచ్చని 1894లో లండన్‌లో ప్యాట్రిక్ మాన్సన్ ఆయనకు చెప్పారు. రాస్ సికింద్రాబాద్‌లో ఉంటూ ఆ పని మీదే కూర్చున్నారు. హుసేన్ ఖాన్ అనే రోగిని దోమలతో కుట్టించి, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. 1897 ఆగస్టు 20న అలా కుట్టిన ఒక దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని మైక్రోస్కోపులో చూశారు. ఏటా ఆ రోజునే ప్రపంచ దోమల దినం జరుపుతున్నారు. 1898లో కలకత్తాలో పక్షులపై పరిశోధన చేసి, దోమ కాటుతోనే మలేరియా సోకుతుందని నిరూపించారు. 1902లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

ఆ తర్వాత లెక్కలు

చాలామందికి తెలిసిన కథ ఇక్కడితో ఆగిపోతుంది. 1907లో ఆయన మారిషస్ వెళ్లారు. మలేరియా పదేపదే వస్తే ప్లీహం ఉబ్బుతుంది. దీన్నే పల్లెల్లో కడుపులో బల్ల అంటారు. వందమంది పిల్లల్లో ఎందరికి బల్ల ఉందో లెక్కపెడితే ఆ ఊళ్లో జబ్బు ఎంత పాతుకుపోయిందో తెలుస్తుంది. ఒక సమయంలో జనాభాలో ఎందరు జబ్బుతో ఉన్నారో చెప్పే ఇలాంటి లెక్కను ప్రివలెన్స్ అంటారు. ఒక కాలంలో కొత్తగా ఎందరికి వచ్చిందో చెప్పేది ఇన్సిడెన్స్.

దోమలన్నిటినీ చంపక్కర్లేదని, వాటి సంఖ్య ఒక హద్దు కంటే తగ్గితే మలేరియా దానంతటదే తగ్గిపోతుందని కూడా రాస్ గణితంతో చూపించారు. ఒక రోగి నుంచి సగటున ఒకరికంటే తక్కువమందికి సోకితే జబ్బు నిలబడలేదు. కరోనా కాలంలో మీరు విన్న ఆర్ విలువకు మూలం ఇలాంటి ఆలోచనే. ఆయన 1932 సెప్టెంబరు 16న కన్నుమూశారు.

మన ఉదాహరణకు జవాబు

ప్రభుత్వం మలేరియాను ఏపీఐ అనే కొలతతో చూస్తుంది. అంటే ఏడాదిలో వెయ్యిమందికి ఎన్ని కేసులు నిర్ధారణ అయ్యాయన్నది. పట్టణంలో అది 0.5, పల్లెలో 2. కేసులు సగమే అయినా పల్లెవాసికి రిస్క్ నాలుగు రెట్లు. రెండు చోట్ల రిస్క్‌ను ఇలా పోల్చి చెప్పేదే రిలేటివ్ రిస్క్.

మీరేం చేయాలి?

రక్తపరీక్షలు తగ్గితే కేసులూ తగ్గినట్టు కనిపిస్తాయి. అందుకే కేసుల సంఖ్యతో పాటు జనాభా ఎంత, పరీక్షలు ఎన్ని చేశారన్నదీ అడగండి. జ్వరం వస్తే మాత్ర వేసుకుని ఊరుకోకండి. ఆశా కార్యకర్తకు చెప్పి, లేదా దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ పరీక్ష, మందులు ఉచితం. పరీక్ష చేయించుకోని జ్వరం ఏ లెక్కలోకీ రాదు. లెక్కలో లేని ఊరికి మందు కొట్టే సిబ్బంది ఆలస్యంగానే వస్తారు.