టిప్పు సుల్తాన్, చెకుముకి తుపాకీ

టిప్పు సుల్తాన్ (మరణం: మే 4, 1799) మైసూరు రాజ్యాన్ని 1782 డిసెంబరు నుండి 1799 వరకు పాలించిన సుల్తాను. హైదర్ అలీకి పెద్ద కుమారుడు. "మైసూరు పులి" అన్న పేరుతో ప్రసిద్ధుడు. ఈస్టిండియా కంపెనీతో జరిగిన నాలుగు మైసూరు యుద్ధాలలోనూ పాల్గొని, నాలుగవ యుద్ధంలో శ్రీరంగపట్నం కోట ద్వారం వద్ద మరణించాడు. ఇతని పేరు చెప్పగానే అందరికీ ఇనుప గొట్టపు రాకెట్లు గుర్తుకు వస్తాయి. కాని రాజ్యమంతటా చెకుముకి తుపాకీల తయారీని నిలబెట్టడానికి ఇతడు చేసిన ప్రయత్నం అంతకంటె దీర్ఘమైనది, ఎక్కువ శ్రమతో కూడినది. ఈ వ్యాసం ఇతని జీవితాన్ని ప్రధానంగా ఆ కోణం నుండి వివరిస్తుంది.

జననం, కడప సీమతో సంబంధం

టిప్పు 18వ శతాబ్దం మధ్యలో బెంగుళూరుకు సమీపాన ఉన్న దేవనహళ్ళిలో జన్మించాడు. ఆర్కాటులోని సూఫీ సాధువు టిప్పు మస్తాన్ ఔలియా పేరు ఇతనికి పెట్టారు. తల్లి ఫాతిమా ఫక్రున్నీసా. ఆమె తండ్రి మీర్ మొయినుద్దీన్ కొంతకాలం కడప కోటకు అధిపతిగా ఉన్నాడు. ఆ విధంగా కడప సీమ టిప్పుకు మాతామహుని ఊరు. ఈ సంగతి మన ప్రాంతంలో చాలామందికి తెలియదు.

1776లో గుత్తి కోట మురారిరావు చేతినుండి హైదర్ వశమయింది. 1779లో కడప నవాబు అబ్దుల్ హలీమ్ ఖాన్ సిద్ధవటంలో హైదర్‌కు లొంగిపోయాడు. అప్పటినుండి 1792 వరకు నేటి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, తొండూరు ప్రాంతాలు మైసూరు రాజ్యంలో ఉన్నాయి. పన్ను శ్రీరంగపట్నానికి చెల్లేది. అయితే పల్లెలలో పాళెగాళ్ళ మాటే ఎక్కువగా చెల్లుబాటయ్యేది. వారి కట్టుబడి బంట్ల చేతులలో ఈటెలు, కత్తులు, పొడవాటి వత్తి తుపాకులు ఉండేవి.

వత్తి తుపాకీ, చెకుముకి తుపాకీ

టిప్పు చేసిన పని విలువ తెలియాలంటే ఈ రెండింటి భేదం తెలియాలి. వత్తి తుపాకీలో నిప్పు రగులుతున్న తాడు కొసను మీట నొక్కి రంజకం మీదికి దించుతారు. రంజకం అంటే గొట్టం పక్కనున్న చిన్న పళ్ళెంలో పోసే మెత్తటి మందు. అది భగ్గుమని, సన్నని రంధ్రం గుండా లోపలి మందును అంటిస్తుంది. వత్తి తుపాకీ నిదానంగా పేలుతుందని పుస్తకాలలో తరచు వ్రాస్తారు. అది పూర్తిగా సరి కాదు. నిప్పు నేరుగా మందుకు తగులుతుంది కాబట్టి పేలడంలో పెద్ద ఆలస్యం లేదు. చిక్కు అంతా సిద్ధంగా ఉండడంలోనే ఉంది. తాడు ఎల్లప్పుడూ రగులుతూ ఉండాలి, వాన పడితే ఆరిపోతుంది, రాత్రివేళ శత్రువుకు మెరుస్తూ కనబడుతుంది, పక్కవాని మందుసంచికి అంటుకునే ప్రమాదం కూడా ఉంది. అందువల్ల వత్తి తుపాకీలు పట్టిన సిపాయిలను దగ్గర దగ్గరగా వరుసకట్టి నిలబెట్టడం కష్టం.

చెకుముకి తుపాకీలో ఆ తాడు ఉండదు. పూర్వం మన పల్లెలలో చుట్ట వెలిగించుకోవడానికి పెద్దలు చెకుముకి రాయి, ఉక్కుముక్క, దూది వెంట ఉంచుకొనేవారు. ఈ తుపాకీలో ఉన్నది అదే సూత్రం. తుపాకీ గుర్రం తన దవడలలో చెకుముకి రాయిని పట్టుకొని ఉంటుంది. మీట నొక్కగానే అది ఎగిరి ఉక్కు పలకను గీరుతుంది. ఆ దెబ్బకు పలక వెనుకకు తెరుచుకొని, రాలిన నిప్పురవ్వలు పళ్ళెంలోని రంజకంలో పడతాయి. గుర్రం కదలడం, రవ్వ పుట్టడం, రంజకం మండడం, లోపలి మందు పేలడం అన్న నాలుగు పనులు ఒకదాని తరువాత ఒకటి జరగాలి. చక్కగా అమర్చిన తుపాకీలో ఇవన్నీ సెకనులో దాదాపు పదవ వంతులోపే ముగిసి, చెవికి ఒకే శబ్దంగా వినిపిస్తాయి. అమరిక చెడినదానిలో మొదట టక్కుమని, తరువాత బుస్సుమని, ఆ తరువాత ఢామ్మని మూడు శబ్దాలు విడివిడిగా తెలుస్తాయి. ఈలోగా గురి తప్పిపోతుంది.

ఆ ఆలస్యాన్ని తగ్గించడమే ఈ తుపాకీ విద్యలోని కిటుకు. రాయి అంచు పదునుగా, పలకకు సమంగా తగిలేటట్లు ఉండాలి. దానిని తోలుముక్కతోగాని సీసపు రేకుతోగాని బిగిస్తారు. కొన్ని పదుల దెబ్బలకు అంచు మొద్దుబారుతుంది, అప్పుడు చెక్కి సరిచేయాలి లేదా మార్చాలి. గుర్రాన్ని విసిరే స్ప్రింగుకు, పలకను ఆపే స్ప్రింగుకు తూకం కుదరాలి. పలక స్ప్రింగు మరీ గట్టిదైతే రాయి చితుకుతుంది, మరీ మెత్తనిదైతే పలక తొందరగా తెరుచుకొని రవ్వలు సరిగా పుట్టవు. పలక ముఖం గట్టి ఉక్కు కాకపోతే అసలు రవ్వే రాదు. రంజకం ఎక్కువగా పోస్తే మంచిదని కొత్తవారు అనుకుంటారు, కాని రంధ్రం మూసుకుపోయేటట్లు పోస్తే ఆ మందు వత్తివలె పొరపొరగా కాలుతూ ఆలస్యం చేస్తుంది. కొద్దిగా పోసి, రంధ్రం తెరపిగా ఉంచితే మంట ఒక్క పెట్టున లోపలికి దూకుతుంది. ప్రతి కొన్ని దెబ్బలకు సన్నని సూదితో రంధ్రంలోని మసి తీయాలి. ఇన్ని చేసినా, కంటి దగ్గర భగ్గుమన్నప్పుడు ఉలికిపడకుండా గుండు బయటపడేదాకా గురి నిలిపి ఉంచడం కాల్చేవాని సాధన మీదనే ఆధారపడి ఉంటుంది.

రాజ్యాధికారం, కార్ఖానాలు

టిప్పు తన తండ్రి కొలువులోని ఫ్రెంచి అధికారుల వద్ద ఐరోపా పద్ధతి యుద్ధవిద్య నేర్చుకున్నాడు. మొదటి మైసూరు యుద్ధకాలంలో (1767-69) యువకుడుగా ఉన్నప్పుడే అశ్వికదళంతో మద్రాసు పరిసరాల మీదికి వెళ్ళాడు. 1780 సెప్టెంబరు 10న పొల్లిలూరు వద్ద కర్నల్ బెయిలీ సైన్యాన్ని నాశనం చేయడంలో ముఖ్యపాత్ర వహించాడు. 1782 డిసెంబరు 7న హైదర్ చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట వద్ద మరణించినప్పుడు టిప్పు మలబారులో ఉన్నాడు. వార్త అంది వచ్చేవరకు మరణాన్ని రహస్యంగా ఉంచారు. 1784 మార్చి 11న మంగుళూరు సంధితో రెండవ యుద్ధం ముగిసింది. 1786లో నిజాం, మరాఠాలతో జరిగిన యుద్ధంలో ఆదోని కోటను పట్టుకున్నాడు.

సింహాసనానికి వచ్చినప్పటినుండి ఇతని ఆలోచన ఒక్కటే. శత్రువు ఆయుధం శత్రువు వద్దనే కొనుక్కుంటే శత్రువు దయమీద బ్రతకవలసి వస్తుంది. అందుకని శ్రీరంగపట్నం, బెంగుళూరు, చిత్రదుర్గం, బిదనూరులలో కార్ఖానాలు పెట్టించాడు. అక్కడ ఫిరంగులు పోతపోశారు, తుపాకీ గొట్టాలు తొలిచారు, చెకుముకి యంత్రాలు చేశారు. మూసలో కరిగించి ఉక్కు తీసే పనివారు మైసూరు సీమలో ముందునుండే ఉన్నారు. జైనుల్ ఆబిదీన్ షూస్తరీ చేత ఫత్‌హుల్ ముజాహిదీన్ అనే సైనిక గ్రంథాన్ని పారసీలో వ్రాయించి, తుపాకీ కవాతును అందులో నిర్ణయించాడు. 1788లో ఫ్రాన్సు వెళ్ళిన ఇతని రాయబారులు పదహారవ లూయీని సైనిక సహాయంతోపాటు చేతిపనివారిని కూడా అడిగారు. రాజు పనివారిని ఇచ్చాడుగాని సైన్యాన్ని ఇవ్వలేదు.

ఇతని సొంత వేటతుపాకులు వేరే తరగతివి. మెలితిప్పిన ఇనుముతో చేసిన గొట్టాలు, బంగారు వెండి పొదుగుడు, పులిచారల నగిషీ, పులితల ఆకృతులు వాటి గుర్తులు. తాను ప్రవేశపెట్టిన మౌలూదీ శకపు సంవత్సరాలు వాటి మీద కనిపిస్తాయి. పనివాడు అందానికి ఎంత శ్రమ పడ్డాడో, గుర్రానికి పలకకు మధ్య అమరికకూ అంతే శ్రమ పడ్డాడు.

ఇతని పాలనపై తీర్పులు భిన్నంగా ఉన్నాయి. కొడగు, మలబారులలో ఇతడు జరిపిన బలవంతపు మతమార్పిడులు, తరలింపులు ఆ ప్రాంతాలలో మానని గాయాలు. 1791లో మరాఠా దండు దోచిన శృంగేరి మఠానికి ధనసహాయం చేసి ప్రతిష్ఠలు జరిపించినది కూడా ఇతడే. ఈ రెండింటిలో ఒకదానినే చెప్పడం చరిత్ర అనిపించుకోదు.

కడప సీమ చేజారడం

మూడవ యుద్ధంలో (1790-92) కంపెనీ, నిజాం, మరాఠాలు కలిసి వచ్చారు. 1791 మార్చిలో బెంగుళూరు కోట పడింది. 1792 మార్చి 18 నాటి సంధి ప్రకారం టిప్పు సగం రాజ్యాన్ని, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలను ఇవ్వవలసి వచ్చింది. చిన్నవారైన ఇద్దరు కుమారులను కారన్‌వాలిస్ వద్ద తాకట్టుగా ఉంచాడు. కడప నిజాం వాటాకు పోయింది. నిజాం కొలువులో కూడా రేమండ్ అనే ఫ్రెంచి సేనాని ఇటువంటి కార్ఖానాలనే నడిపాడు. హైదరాబాదులో గన్‌ఫౌండ్రీ అన్న పేరు దానివల్ల వచ్చినదే. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి వదులుకోగా, థామస్ మన్రో వచ్చి ఎనభై మంది పాళెగాళ్ళను అణచవలసి వచ్చింది. అప్పటికీ వారి ప్రధాన ఆయుధం వత్తి తుపాకీయే. మైసూరు కార్ఖానాల పని కోట సిపాయిల వరకే వచ్చింది, పల్లెలోని బంటుకు చేరలేదు. నా అభిప్రాయంలో టిప్పు ప్రయత్నంలోని పెద్ద లోటు ఇదే.

చివరి రోజు

1799 ఏప్రిల్‌లో జనరల్ హారిస్ సైన్యం శ్రీరంగపట్నాన్ని ముట్టడించింది. మే 4న మధ్యాహ్నం ఒంటిగంట దాటాక, ఎండ మండుతున్న వేళ, కోటగోడకు పడిన గండి గుండా సైనికులు దూసుకువచ్చారు. భోజనం మధ్యలో లేచిన టిప్పు ఉత్తరపు గోడ మీదికి పోయి, సామాన్య సిపాయివలె నిలబడి కాల్చాడు. సేవకులు వెనుకనుండి మందు దట్టించిన వేటతుపాకులు ఒకదాని తరువాత ఒకటి అందించారు. ఒక్క మనిషికి అనేక తుపాకులు, దట్టించడానికి అనేక చేతులు ఉంటేనే ఆనాటి తుపాకీతో ఎడతెగకుండా కాల్చడం సాధ్యమయ్యేది. గాయాలు తగిలాక ద్వారం వద్ద గుర్రం కూలింది. రత్నాలు పొదిగిన ఇతని నడికట్టును లాగబోయిన ఒక సైనికుని కత్తితో కొట్టగా, అతడు కణతకు గురిపెట్టి కాల్చాడు. చచ్చినవారి కుప్పలలో ఉన్న శవాన్ని ఆ రాత్రి దివిటీల వెలుగులో గుర్తుపట్టారు. మరునాడు తల్లిదండ్రుల సమాధుల పక్కనే గుంబజ్‌లో ఖననం చేశారు. ఆ సాయంత్రం ఉరుములు, పిడుగులతో పెద్ద గాలివాన కురిసింది.

తరువాతి కాలం

కోటలో తొమ్మిది వందలకు పైగా ఫిరంగులు, లెక్కకు మిక్కిలి తుపాకులు కంపెనీ వశమయ్యాయి. మేలైన వేటతుపాకులను అధికారులు పంచుకొని ఇంగ్లండుకు తీసుకుపోయారు. చెకుముకి తుపాకీకి కూడా ఆ తరువాత ఎక్కువ కాలం మిగలలేదు. 1807లో స్కాట్లాండుకు చెందిన అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే మతగురువు, దెబ్బ తగిలితే పేలే రసాయనంతో మందును అంటించే పద్ధతికి పేటెంటు పొందాడు. భగ్గుమన్న మంటను చూసి పక్షులు తప్పించుకుంటున్నాయన్న వేటగాని చిరాకే ఆయనను ఆ పనికి పురికొల్పింది. కొన్ని దశాబ్దాలలో సైన్యాలన్నీ చెకుముకి రాయిని వదిలిపెట్టాయి.

2015 ఏప్రిల్‌లో లండనులో టిప్పు ఆయుధాల పెద్ద సంగ్రహం ఒకటి వేలానికి వచ్చింది. 2019 మార్చిలో ఇంగ్లండులోని ఒక కుటుంబం ఇంట దొరికిన వెండి తొడుగుల చెకుముకి తుపాకీ, దాని బాయ్‌నెట్టు వేలంలో అరవై వేల పౌండ్లకు అమ్ముడయ్యాయి. అంతకు ముందు సంవత్సరం, జులై 2018లో, కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా నగర గ్రామంలో (నాటి బిదనూరు) ఒక పూడిపోయిన బావిని త్రవ్వినప్పుడు వెయ్యికి పైగా ఇనుప రాకెట్లు బయటపడ్డాయి. వాటిలోని మందు బురదతో కలిసి ఉంది.