వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్

తూర్పు కనుమల అడవుల్లో అల్లి చెట్టు పెరుగుతుంది. పూతకాలంలో దాని కొమ్మల నిండా చిన్న చిన్న నీలిపూలు గుత్తులు గుత్తులుగా పూస్తాయి. పండిన కాయలు నల్లగా ఉంటాయి. వాటిని తింటారు. ఆకులనుండి పసుపుపచ్చని రంగు తీస్తారు. అయితే తెలుగులో కలువకు కూడా అల్లి అనే పేరుంది. కన్నడంలో 'అల్లి' అంటే 'అక్కడ' అని అర్థం. మరి ఈ నీలిపూల చెట్టు ఏదో అన్ని దేశాలవారికీ తెలియజెప్పడం ఎట్లా? అందుకు పాటుపడినవాడు విలియం రాక్స్‌బర్గ్.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండులో జన్మించాడు. ఎడింబరోలో వైద్యం చదివాడు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడుగా మద్రాసు చేరి, 1781లో సామర్లకోటకు వచ్చాడు. అక్కడ తోట వేసి మిరియాలు, కాఫీ మొదలైనవి పెంచాడు. ప్రసిద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ శిష్యుడైన కోనిగ్ ఆయనకు మిత్రుడు. ప్రతి మొక్కకు రెండు మాటల శాస్త్రీయనామం పెట్టడం లిన్నేయస్ పద్ధతి.

రాక్స్‌బర్గ్ మొక్కను రంగు చూసి మాత్రమే నిర్ణయించేవాడు కాదు. పూరేకులు, కేసరాలు లెక్కించేవాడు. ఆకుల అమరిక, కాయల తీరు పరిశీలించేవాడు. ఊరివారు ఆ మొక్కను ఏమంటారో, దేనికి వాడతారో అడిగి రాసుకొనేవాడు. మన దేశపు చిత్రకారులచేత బొమ్మలు వేయించాడు. ఆ చిత్రకారుల పేర్లు మాత్రం గ్రంథానికి ఎక్కలేదు.

ఒకసారి గోదావరి తీరంలో వచ్చిన ముంపులో ఆయన సేకరించిన మొక్కలు, పుస్తకాలు, కాగితాలు కొట్టుకుపోయాయి. ఏళ్ల శ్రమ నీటిపాలయింది. అయినా ఆయన అధైర్యపడక మళ్లీ మొదలుపెట్టాడు.

ఆ కృషి ఫలితంగా కోరమాండల్ తీరపు మొక్కలను గురించిన గ్రంథం 1795 నుండి మూడు సంపుటాలుగా లండన్‌లో వెలువడింది. అందులో 300 చిత్రాలున్నాయి. అనేక మొక్కల తెలుగు పేర్లూ ఉన్నాయి. అల్లి చెట్టుకు ఆయన పెట్టిన పేరు 'మెమిసైలాన్ ఎడ్యూలె'. లాటిన్ భాషలో 'ఎడ్యూలె' అంటే తినదగినది. అల్లిపండ్లు తినవచ్చునన్న మన పల్లెవాసుల అనుభవం ఆ విధంగా శాస్త్రంలో చోటు సంపాదించుకొంది.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి అయ్యాడు. 1815లో ఎడింబరోలో మరణించాడు. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ఆయనను గౌరవిస్తారు. మన ఊరి మొక్కల పేర్లు పెద్దలనడిగి తెలుసుకోవడం, వాటిని నిశితంగా పరిశీలించడం ఆయన జీవితం నేర్పే పాఠం.