సవర మాట నేర్చుకున్న మాస్టారు

స్వర్ణోత్సవ సంచికకు మన బడి జ్ఞాపకాలు రాయమన్నారు. నేను గిడుగు రామమూర్తి పంతులుగారి గురించి రాస్తున్నాను. ఎందుకో చివర్న చెబుతాను.

గిడుగువారు 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1879లో మెట్రిక్యులేషన్ ప్యాసై, మరుసటి ఏడే పర్లాకిమిడి రాజావారి స్కూల్లో 30 రూపాయల జీతానికి చేరారు. పాఠాలు చెబుతూనే ప్రైవేటుగా బి.ఏ. కట్టారు. ముఖలింగం గుడి శాసనాలు చదవడం కూడా పుస్తకాలు తెప్పించుకుని సొంతంగానే పట్టారు.

ఆ ఊరి చుట్టుపక్కల కొండల్లో సవరలుంటారు. వాళ్ల పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ల మాట తనకు రావాలనుకున్నారాయన. తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు. లిపి లేని భాష. విన్నదల్లా రాసుకున్నారు. సవరలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు తయారుచేశారు. సొంత ఖర్చుతో బళ్లు పెట్టి, అయ్యవార్లకు తనే జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టమన్నారు. కొండల్లో తిరిగి తెచ్చుకున్న మలేరియాకు క్వినైను మింగీ మింగీ చెవుడు వచ్చింది. జనం మాట వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి! అయినా వదల్లేదు. సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో, అంటే 75వ ఏట, అచ్చయ్యాయి.

వ్యావహారిక భాషా ఉద్యమం మీ అందరికీ తెలిసిందే. 1907లో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర వచ్చాక మొదలైన ఆ పోరులో గురజాడవారు తోడున్నారు. పండితులతో వాదానికి గిడుగువారు ఊరికే దిగలేదు. పాత శాసనాలు, వ్యాఖ్యానాలు తిరగేసి రుజువులు ముందు పెట్టారు. 1919లో ‘తెలుగు’ పత్రిక నడిపారు. 1936లో పర్లాకిమిడిని ఒరిస్సాలో కలిపితే ఊరు విడిచి రాజమండ్రి చేరారు. 1940లో పోయారు. ఏటా ఆగస్టు 29న ఆయన ఫొటోకు దండ వేస్తాం గానీ, సవర బళ్ల ఊసు ఎత్తేవాళ్లు తక్కువ. నేనూ ఎత్తలేదు.

ఇక నా సంగతి. మన బడిలోనే చదివి, ఇక్కడే తెలుగు మాస్టారినయ్యాను. ఒక ఏడు ఆరో తరగతిలో సీతంపేట కొండల నుంచి వచ్చిన సవర కుర్రాడు వెనక బల్ల మీద కూర్చునేవాడు. ఏమడిగినా నోరు విప్పేవాడు కాదు. మొద్దని తేల్చేసి, హాజరు పిలవడం తప్ప పట్టించుకోలేదు. దసరా సెలవులకు వెళ్లి మళ్లీ రాలేదు. నేనూ కనుక్కోలేదు. గిడుగువారి జీవితం రిటైరయ్యాకే పూర్తిగా చదివాను. ఆయన మనిషిని వెతికి పెట్టుకుని నేర్చుకున్న భాష నా తరగతిలోనే నాలుగు నెలలు కూర్చుని వెళ్లిపోయింది. నేను ఒక్క మాటైనా అడగలేదు.

ఆ బ్యాచ్ వాళ్లెవరికైనా అతని ఆచూకీ తెలిస్తే, జూబిలీ రోజున నాకు చెప్పండి. ముందు వరసలోనే కూర్చుంటాను, చేతికర్రతో.