తొలి మహిళా ఇంజనీరు శ్రీమతి అయ్యలసోమయాజుల లలిత

రామగుండము పేరు చెప్పగానే మన ప్రాంతీయులకు విద్యుత్తు గుర్తునకు వచ్చును. ఆ విద్యుత్తును తీగల మీదుగా దూరప్రాంతములకు చేర్చు మార్గములను, సబ్ స్టేషన్లను రూపొందించుట పురుషులకే చేతనగు పనియని ఒకప్పుడు పెద్దలు తలచెడివారు. ఆ శాస్త్రములో పట్టా పొంది, ఆ పనినే జీవనవృత్తిగా స్వీకరించిన తొలి భారతీయ మహిళ ఒక తెలుగింటి ఆడపడుచు.

శ్రీమతి లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో జన్మించినారు. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగు కళాశాలలో ఎలక్ట్రికల్ శాఖాచార్యులు. ఆ ఇంట మగపిల్లలకు ఇంజనీరింగు చదువు, ఆడపిల్లలకు కొద్దిపాటి చదువు, పిదప వివాహము. లలితగారికిని 15వ ఏటనే వివాహమైనది. అయితే ఎస్.ఎస్.ఎల్.సి. పూర్తియగు వరకు చదువు మానరాదని తండ్రి పట్టుబట్టినారు. ఆ పట్టుదల ఎంత విలువైనదో తరువాత తెలిసినది. 1937లో కుమార్తె జన్మించినది. బిడ్డకు నాలుగు నెలలు నిండునప్పటికే భర్త మరణించినారు. 18 ఏండ్ల ప్రాయమున వైధవ్యము! చేతిలో ఆ ఎస్.ఎస్.ఎల్.సి. లేకున్నచో ఆమెకు ఏ దారి ఉండెడిదో మనము ఊహించుకొనవచ్చును.

క్వీన్ మేరీస్ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించినారు. వైద్యవిద్య చదువవచ్చును గాని, వైద్యురాలు వేళకాని వేళలో బిడ్డను విడిచి పోవలసివచ్చును. వేళ ప్రకారము ముగియు ఉద్యోగము కావలెనని ఆమె ఇంజనీరింగును ఎన్నుకొన్నారు. ఇది సాహసగాథ కాదు, ఒక తల్లి లెక్క. మాకు ఈ సంగతియే ఎక్కువ నచ్చినది. గిండీలో అంతవరకు స్త్రీలకు ప్రవేశము లేదు. సుబ్బారావుగారి కోరికపై ప్రిన్సిపాలు చాకోగారు, విద్యాశాఖ డైరెక్టరు స్టాథాముగారు అనుమతించినారు.

ఇన్ని వందల మంది యువకుల నడుమ ఆమె ఒక్కతే. వసతిగృహమందును ఒంటరితనమే. అది గమనించి తండ్రి, ఇతర బాలికలను కూడ చేర్చుకొనవలెనని కళాశాలను ప్రేరేపించినారు. మరుసటి సంవత్సరము లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా సివిల్ శాఖలో చేరినారు. ఈ త్రేసియాగారే తరువాత కేరళలో పబ్లిక్ వర్క్స్ శాఖకు చీఫ్ ఇంజనీరైనారు. ఒక బాలికకు తలుపు తెరచుట చాలదు, తోడును కూడ చూపవలెనని సుబ్బారావుగారు గ్రహించినారు. 1943లో లలితగారికి పట్టా వచ్చినప్పుడు, అచ్చైన పత్రములోని పురుషవాచకమును కొట్టివేసి స్త్రీవాచకమును వ్రాయవలసివచ్చినది.

ఇక్కడ మన మాట ఒకటి. 2008లో బాసరలో స్థాపితమైన సాంకేతిక విశ్వవిద్యాలయములో పదవ తరగతి మార్కులతోనే ఆరేండ్ల ఇంజనీరింగు చదువునకు ప్రవేశము లభించును. అనగా, ఏడు, ఎనిమిది తరగతులలో గణితము నేర్చుకొను మన బాలికలకు, ఉర్దూ మాధ్యమమైనను తెలుగు మాధ్యమమైనను, ఆ సంగతి అప్పుడే తెలియవలెను. పదవ తరగతి ముగియక మునుపే పెండ్లిమాటలు మొదలగు ఇండ్లకు మన కళాశాల విద్యార్థినులు ఇద్దరిద్దరుగా వెళ్ళి చెప్పిన, తల్లిదండ్రులు వినుదురని మా నమ్మిక.

లలితగారు జమాల్పూరు రైల్వే వర్కుషాపులో శిక్షణ పొందినారు. సిమ్లాలోని ప్రభుత్వ కార్యాలయములో పనిచేసి, 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్ సంస్థలో చేరినారు. విద్యుత్ ప్రసార మార్గములు, సబ్ స్టేషన్ల నమూనాలు ఆమె పని. భాక్రానంగల్ ఆనకట్ట జనరేటర్ల కృషిలోను ఆమెకు భాగము కలదు. 1964లో న్యూయార్కునందు జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల సమావేశమునకు వెళ్ళినారు. మరుసటి ఏట లండనులోని మహిళా ఇంజనీరింగు సంఘము ఆమెను సభ్యురాలిగా చేర్చుకొన్నది. 1977లో ఉద్యోగ విరమణ చేసి, 1979 అక్టోబరు 12న, 60 ఏండ్ల వయస్సున కన్నుమూసినారు.