లెక్క కూడా అమానతే: నవాబ్ మొహ్‌సినుల్ ముల్క్ జీవితం

మసీదు కమిటీ అయినా, మదర్సా అయినా, కళాశాల అయినా పదిమంది ఇచ్చిన పైసలతోనే నిలుస్తుంది. ఇచ్చినవాడు అల్లాహ్ ప్రసన్నత కోరి ఇస్తాడు. తీసుకున్నవాడు అల్లాహ్‌కూ, ప్రజలకూ జవాబు చెప్పుకోవాలి. ఇది అందరికీ తెలిసిన మాటే. కాని ఒక పెద్ద విద్యాసంస్థను నడిపేటప్పుడు ఆ జవాబుదారీ ఎంత కష్టమో, అది తప్పితే సమాజానికి ఎంత నష్టమో చూపే చరిత్ర మన పెద్దల జీవితాల్లోనే ఉంది. అలీగఢ్ కళాశాల నిధులు దొంగలపాలై, సంస్థ అప్పుల్లో మునిగినప్పుడు దాన్ని ఒడ్డుకు చేర్చిన నవాబ్ మొహ్‌సినుల్ ముల్క్ గారి జీవితాన్ని ఈ వారం పాఠకుల ముందు ఉంచుతున్నాము.

ఆయన ఉత్తరాది మనిషి, మన పల్నాటికి ఏమి సంబంధం అని కొందరు అనుకోవచ్చు. మాచర్ల దాటి కృష్ణ అవతలి ఒడ్డుకు చేరితే ఆ కాలంలో అది నిజాం రాజ్యం. తెలుగు జిల్లాలు కూడా ఉన్న ఆ రాజ్యంలో 1874 నుంచి 1893 వరకు శిస్తు వ్యవహారాలు, ఖజానా వ్యవహారాలు చూసినవారు ఆయన. లెక్కల పని హైదరాబాదులో బాగా ఎరిగి, ఆ అనుభవంతో అలీగఢ్‌కు సేవ చేశారు.

పది రూపాయల గుమాస్తా

ఆయన అసలు పేరు సయ్యద్ మెహదీ అలీ. 1837లో నేటి ఉత్తరప్రదేశ్‌లోని ఇటావా పట్టణంలో పుట్టారు. ఆ కాలపు పద్ధతిలో అరబీ, ఫార్సీ చదువుకున్నారు. ఇల్లు గడవటం కోసం చిన్న వయసులోనే నెలకు పది రూపాయల జీతం మీద ప్రభుత్వ కచేరీలో గుమాస్తాగా చేరారు. పనితనం, నిజాయితీ చూసి అధికారులు ఆయనను మెట్టుమెట్టుగా పైకి తెచ్చారు. తహసీల్దారు అయ్యారు, తర్వాత డిప్యూటీ కలెక్టరు అయ్యారు. శిస్తు చట్టాల మీద, నేర చట్టాల మీద ఉర్దూలో పుస్తకాలు రాశారు. కింది నుంచి వచ్చినవారు గనుక కచేరీలో కాగితం ఎక్కడ పుడుతుందో, ఎక్కడ మాయమవుతుందో ఆయనకు బాగా తెలుసు.

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్‌తో ఆయన పరిచయం వాదంతో మొదలైంది. సర్ సయ్యద్ ధార్మిక అభిప్రాయాలను ఆయన తీవ్రంగా విమర్శించారు. తర్వాత ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారు. స్నేహం కుదిరాక కూడా ఖుర్ఆన్ వ్యాఖ్యానం విషయంలో ఆయన సర్ సయ్యద్‌తో ఏకీభవించలేదు. ఆ చర్చలోకి మేము దిగటం లేదు. ముస్లిముల పిల్లలకు కొత్త చదువు కావాలన్న విషయంలో మాత్రం ఇద్దరిదీ ఒకే మాట.

హైదరాబాదులో పందొమ్మిదేళ్ళు

1874లో నిజాం రాజ్యపు దీవాను మొదటి సాలార్ జంగ్ ఆయనను హైదరాబాదుకు పిలిపించారు. శిస్తు శాఖ, భూముల సర్వే, బందోబస్తు ఆయన చేతికి వచ్చాయి. 1883లో సాలార్ జంగ్ కన్నుమూశాక ఆర్థిక, రాజకీయ శాఖల కార్యదర్శి పదవి దక్కింది. మొహ్‌సినుల్ ముల్క్ అన్న బిరుదు నిజాం ప్రభుత్వం ఇచ్చిందే. కచేరీ భాషగా ఫార్సీ పోయి ఉర్దూ రావటంలో కూడా ఆయన పాత్ర ఉంది.

ఆ ఉద్యోగంలో ఆయన ఎదుర్కొన్న ఒక వ్యవహారం మనం గుర్తుంచుకోదగినది. ఇల్లెందు ప్రాంతపు బొగ్గుతో సహా రాజ్యంలోని గనుల హక్కులు 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి దక్కాయి. నేటి సింగరేణి సంస్థకు మూలం ఆ కంపెనీయే. ఆ కంపెనీ వాటాల విషయంలో నిజాం ప్రభుత్వం మోసపోయిందన్న గొడవ లేచి, 1888లో లండన్ పార్లమెంటు విచారణ సంఘం దాకా పోయింది. నిజాం ప్రభుత్వం తరఫున లండన్ వెళ్ళినవారు మొహ్‌సినుల్ ముల్క్. వాటాల కాగితాలు ఎవరి చేతిలో ఉన్నాయి, వెల ఎవరు కట్టారు, ప్రభుత్వానికి ఏమి చెప్పారు అన్నవి సకాలంలో అడగకపోతే ఒక రాజ్యమే బోల్తా పడుతుందని ఆ వ్యవహారం చాటింది.

దర్బారు కుట్రల మధ్య 1893లో ఆయన హైదరాబాదు విడిచి అలీగఢ్ చేరారు. వయసు 55 దాటింది. పింఛను మీద విశ్రాంతి తీసుకోవలసిన కాలం అది. అసలు పరీక్ష అక్కడే ఎదురైంది.

లక్షకు పైగా మాయం

అలీగఢ్‌లో సర్ సయ్యద్ 1875లో పాఠశాల తెరిచారు. 1877 జనవరిలో వైస్రాయ్ లార్డ్ లిట్టన్ కళాశాలకు పునాదిరాయి వేశారు. దాని పేరు మొహమ్మడన్ ఆంగ్లో ఓరియంటల్ కాలేజీ. రాజులు, నవాబులు మొదలు మామూలు గుమాస్తాల వరకు చందాలు ఇచ్చారు. హైదరాబాదు నుంచి గ్రాంటు వచ్చేది. చందా కోసం సర్ సయ్యద్ ఊరూరా తిరిగారు, వేదికలెక్కి ప్రదర్శనలిచ్చారు, పుస్తకాలు అమ్మారు. దాతల పేర్లు గోడల మీద చెక్కించారు. అడిగేవారు అడిగితే ఇచ్చేవారు ఇచ్చారు.

వచ్చిన డబ్బు బ్యాంకుకు చేరేది. బ్యాంకు ఉత్తరాలు, చెక్కులు ఇంగ్లీషులో ఉండేవి. సర్ సయ్యద్‌కు ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఆ పనంతా కార్యాలయంలోని ప్రధాన గుమాస్తా చూసేవాడు. సర్ సయ్యద్‌కు అతని మీద పూర్తి నమ్మకం. 1895లో గుట్టు బయటపడింది. ఆ గుమాస్తా దొంగ సంతకాలతో లక్ష రూపాయలకు పైగా కాజేశాడు. నెలకు పది రూపాయలకు గుమాస్తా దొరికే దేశంలో లక్ష రూపాయలంటే ఎంతటి మొత్తమో పాఠకులే ఊహించుకోవచ్చు.

ఈ దెబ్బకు సర్ సయ్యద్ కుంగిపోయారు. దాతల చెయ్యి వెనక్కి తగ్గింది. విద్యార్థుల సంఖ్య పడిపోయింది. అప్పులు పెరిగాయి. 1898 మార్చి 27న సర్ సయ్యద్ కన్నుమూశారు. ఎన్నో లక్షలు చందాగా వసూలు చేసిన ఆ మనిషి ఇంట్లో కఫను ఖర్చుకు కూడా డబ్బు లేదు. అంత్యక్రియల ఖర్చు భరించింది మొహ్‌సినుల్ ముల్క్.

ఇక్కడ మనం కాసేపు ఆగి ఆలోచించాలి. సర్ సయ్యద్ ఒక్క పైసా తిన్నవారు కారు. ఆయన నిజాయితీని విరోధులు కూడా శంకించలేదు. అయినా ఆయన చేతి కింద లక్ష పోయింది. పెద్దమనిషి నిజాయితీ వేరు, సంస్థ లెక్క వేరు. మొదటిది ఉంటే రెండవది అక్కరలేదనుకోవటమే మన సంస్థలకు పట్టిన జబ్బు.

మరొక సంగతి కూడా చెప్పాలి. 1889లో కళాశాల ట్రస్టీల నిబంధనలు రాసినప్పుడు సర్ సయ్యద్ జీవితాంతం కార్యదర్శిగా ఉండేటట్టు, ఆయన కుమారుడు, హైకోర్టు జడ్జి సయ్యద్ మహమూద్ సహ కార్యదర్శిగా ఉండేటట్టు ఏర్పాటు చేశారు. దాన్ని వ్యతిరేకించిన పాత సహచరుడు సమీవుల్లా ఖాన్ తప్పుకున్నారు. ఎదురు ప్రశ్న వేసేవారు బయటికి పోయినచోట కాగితాలు పరిశీలించే కళ్ళు తగ్గిపోతాయని మా అభిప్రాయం.

అప్పుల సంస్థకు కార్యదర్శి

సర్ సయ్యద్ తర్వాత కార్యదర్శి అయిన సయ్యద్ మహమూద్ ఆరోగ్యం బాగుండక ఎక్కువ కాలం నడపలేకపోయారు. 1899 జనవరిలో ట్రస్టీలు మొహ్‌సినుల్ ముల్క్‌ను గౌరవ కార్యదర్శిగా ఎన్నుకున్నారు. మూతపడుతుందేమోనన్న సంస్థను 61 ఏళ్ళ వయసులో ఆయన నెత్తికెత్తుకున్నారు.

కళాశాలకు అప్పుడు రెండు రకాల డబ్బు కావాలి. ఒకటి నెలనెలా జీతాలకు, వసతిగృహాలకు. రెండవది పది కాలాలు నిలిచే మూలధనం. ఇచ్చేవాళ్ళకు భవనం మీద మక్కువ ఎక్కువ, పంతులు జీతం మీద తక్కువ. భవనం మీద పేరు ఉంటుంది, జీతం మీద ఉండదు. నేటికీ ఏ కళాశాల లెక్కలు చూసినా ఇదే చిక్కు. భవనం కోసం వచ్చిన డబ్బును జీతాలకు వాడితే దాత మాట తప్పినట్టు. వాడకపోతే పాఠం చెప్పేవాడు వెళ్ళిపోతాడు.

సర్ సయ్యద్ జ్ఞాపకార్థం నిధి పోగుచేసి కళాశాలను విశ్వవిద్యాలయం చేయాలన్న సంకల్పం అప్పటికే మొదలైంది. లక్ష్యం 10 లక్షలు. మోసం జరిగిన మూడేళ్ళకే మళ్ళీ చందా అడగటమంటే మాటలు కాదు. పోయిన నమ్మకాన్ని ముందు తిరిగి తెచ్చుకోవాలి. మొహ్‌సినుల్ ముల్క్ మంచి వక్త. ఎదుటివాడి మనసు నొప్పించని మనిషి. ముస్లిం విద్యా మహాసభను ఉత్తరాది పట్టణాలు దాటించి దేశమంతా తిప్పారు. 1901లో అది మద్రాసులో జరిగింది. మన పల్నాడు అప్పుడు మద్రాసు రాజధానిలోనిదే. 1902లో ఢిల్లీ సభకు ఆగాఖాన్, 1903లో బొంబాయి సభకు జస్టిస్ బద్రుద్దీన్ తయ్యబ్జీ అధ్యక్షత వహించారు. బొంబాయి వర్తకులు, సంస్థానాధీశులు అలీగఢ్ వైపు చూశారు. విద్యార్థులు మళ్ళీ చేరారు. అప్పుల భారం తగ్గింది.

గ్రాంటుకు కట్టిన తాడు

డబ్బు రావటమే కాదు, ఏ తాడుతో వస్తుందో కూడా చూసుకోవాలి. 1900 ఏప్రిల్‌లో ఆ రాష్ట్రపు లెఫ్టినెంట్ గవర్నర్ ఆంటనీ మక్‌డొనెల్ కచేరీల్లో నాగరి లిపిని కూడా అనుమతిస్తూ ఉత్తర్వు ఇచ్చారు. ఉర్దూకు అన్యాయం జరుగుతుందని మొహ్‌సినుల్ ముల్క్ ఉర్దూ రక్షణ సంఘానికి నాయకత్వం వహించారు. గవర్నరుకు కోపం వచ్చింది. సంఘంలో ఉంటారా, కళాశాలలో ఉంటారా తేల్చుకోమన్నారు. కళాశాలకు వచ్చే ప్రభుత్వ గ్రాంటు ఆగిపోయే ప్రమాదం ఏర్పడింది. మొదట కార్యదర్శి పదవినే వదులుకోవటానికి ఆయన సిద్ధపడ్డారు. ట్రస్టీలు ఒప్పుకోలేదు. చివరికి సంఘం నుంచి తప్పుకున్నారు.

దీన్ని పిరికితనమన్నవారున్నారు. వందలాది పిల్లల చదువు కాపాడిన వివేకమన్నవారూ ఉన్నారు. ఎవరి మాట సరైనదైనా ఒకటి నిజం. ఒకే చేతి నుంచి వచ్చే గ్రాంటు మీద బతికే సంస్థకు నోరు ఉండదు. ఈ రోజుల్లో నరసరావుపేట, గుంటూరు కళాశాలల సంగతే తీసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2008లో ఫీజు రీయింబర్స్‌మెంటు మొదలయ్యాక పేద పిల్లలకు పెద్ద చదువు అందింది. ఇది గొప్ప మేలు. అయితే ప్రభుత్వం నుంచి డబ్బు ఆలస్యమైన ఏడాది జీతాలు ఆగాయి, కొన్నిచోట్ల పిల్లల సర్టిఫికెట్లు ఆఫీసులో ఉండిపోయాయి. వచ్చే బాకీని చేతిలోని రొక్కంగా లెక్కకట్టి ఖర్చు పెట్టే సంస్థకు ఈ తిప్పలు తప్పవు.

చివరి రోజులు

1907 జనవరిలో అఫ్గానిస్తాన్ అమీర్ హబీబుల్లా ఖాన్ అలీగఢ్ వచ్చి, కళాశాలను చూసి సంతోషించి విరాళమిచ్చారు. ఆ తర్వాతి నెలలోనే విద్యార్థుల సమ్మె వచ్చి మొహ్‌సినుల్ ముల్క్‌ను ఎంతో బాధపెట్టింది. ఆరోగ్యం క్షీణించింది. 1907 అక్టోబరు 16న సిమ్లాలో పరమపదించారు. అలీగఢ్‌లో సర్ సయ్యద్ సమాధి చెంతనే ఆయనను ఖననం చేశారు. ఆయన తర్వాత కార్యదర్శి అయిన వికారుల్ ముల్క్ కూడా హైదరాబాదు కొలువులో పనిచేసినవారే. 1920లో ఆ కళాశాల విశ్వవిద్యాలయం అయింది. మన తెలుగు నేల మీద డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు 1947లో స్థాపించిన కర్నూలు ఉస్మానియా కళాశాల కూడా అలాంటి ఆశయంతో పుట్టినదే.

పాఠక సోదరులారా! ఖుర్ఆన్‌లోని అన్నిటికంటే పెద్ద ఆయత్ నమాజు గురించో, ఉపవాసం గురించో వచ్చినది కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని చెప్పే ఆయత్ అది. స్నేహితుల మధ్య, నమ్మకస్తుల మధ్య కూడా రాత ఉండాలన్నది అందులోని బోధ. రాయమన్నంత మాత్రాన ఎదుటివాడిని అనుమానించినట్టు కాదు. రాత ఇద్దరి పరువునూ కాపాడుతుంది.

మాచర్లలో, గురజాలలో, పిడుగురాళ్ళలో రంజాన్ నెల రాగానే రసీదు పుస్తకాలు బయటికి వస్తాయి. మదర్సాకు, పిల్లల హాస్టలుకు, పై చదువుల వేతనాలకు చందాలు పోగవుతాయి. ఇచ్చేవారిలో రోజుకూలి చేసే తల్లులూ ఉంటారు. ఆ డబ్బు తీసుకునే కమిటీలు కొన్ని పనులు తప్పక చేయాలి. రసీదు రాసే చేతికి, బ్యాంకులో సంతకం పెట్టే చేతికి తేడా ఉండాలి. చెక్కు మీద కనీసం రెండు సంతకాలు పడాలి. నెలనెలా చిట్టాను బ్యాంకు పాసుబుక్కుతో సరిచూడాలి. జకాత్ డబ్బు, భవనం డబ్బు, ఫీజు డబ్బు వేరువేరు పద్దుల్లో ఉండాలి. లెక్కలు కమిటీవారందరికీ అర్థమయ్యే భాషలో ఉండాలి. ఏడాదికొకసారి బయటి ఆడిటరు చేత చూపించి, జుమా తర్వాత జమాఅత్ ముందు చదివి వినిపించాలి. లెక్క అడిగినవాడిని శత్రువుగా చూడకూడదు. సంస్థకు అతడు కాపలాదారు.

సర్ సయ్యద్ అంతటివారికి తప్పనిది మనకు తప్పుతుందనుకోవటం అమాయకత్వం. మొహ్‌సినుల్ ముల్క్ అంతటివారు దొరికి ప్రతిసారీ మన సంస్థను నిలబెడతారనుకోవటం అంతకంటే అమాయకత్వం. పేదవాడు నమ్మి ఇచ్చిన ప్రతి రూపాయికీ ఈ లోకంలోనే లెక్క రాసిపెట్టే బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.